ఫీజు ఎంతంటే చెప్పాలి

తెనాలిలోనైనా, బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా హిందీ ట్యూషన్ అంటే ఒక వసారా, చాప, గోడకు ఆనించిన నల్లబల్ల. 1918లో గాంధీజీ చొరవతో మద్రాసులో పుట్టిన హిందీ ప్రచార సభ పరీక్షలు, ప్రాథమిక మొదలు ప్రవీణ దాకా, మనవాళ్లు చాలామంది అలాంటి వసారాల్లో చదివే పాసయ్యారు. ఇప్పుడా చాప నేనూ పరిచాను.

బడిలో ఉన్నన్నాళ్లూ టీచర్లు ట్యూషన్ చెప్పకూడదు. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ఒప్పుకోదు. రిటైరయ్యాక ఆ అడ్డు లేదు. అవసరమా అంటారా? ప్రైవేటు బడి పంతులుకు దిక్కు పీఎఫ్ పెన్షనే. సర్వీసు ఏళ్లతో జీతాన్ని హెచ్చవేసి 70తో భాగించండి. పదివేల జీతానికి, 14 ఏళ్ల సర్వీసుకు నెలకు రెండు వేలు. బీపీ, షుగరు మాత్రలకే సరి.

పిల్లలు తడబడేది 'నే' దగ్గర. 'రామ్ రోటీ ఖాయా' అని రాస్తారు. 'రామ్ నే రోటీ ఖాయీ' అని దిద్దితే, "తిన్నది రాముడు కదా మాస్టారూ, ఖాయీ ఏంటి?" అంటారు. సూత్రం చెబితే బుర్రకెక్కదు. రొట్టె తీసేసి మామిడిపండు పెడతాను: 'రామ్ నే ఆమ్ ఖాయా'. తిన్నవాణ్ని వదిలేసి తిన్నదాని వెంట క్రియ నడుస్తోందని వాళ్లే కనిపెడతారు. ఏళ్ల తరబడి సుద్దముక్క అరగదీస్తే వచ్చిన ఒడుపు ఇది. దీనికి వెల ఉంది.

ఆ వెల చెప్పడానికే మా తరానికి నోరు రాదు. ఎంత ఇమ్మంటారని తల్లి అడిగితే "మీ ఇష్టం అమ్మా" అనేస్తాం, తర్వాత ఇంట్లో గొణుక్కుంటాం. చదువు అమ్ముకోవడం తప్పనే పాత బిడియం అది. కరెంటు బిల్లుకు ఆ బిడియం తెలియదు. నేను పిల్లలు చేరిన రోజే అంకె చెబుతాను, ఐదో తారీఖులోగా ఇమ్మంటాను. ఇవ్వలేనివాళ్లుంటే ఆ పిల్లకు ఊరికే చెబుతాను. అది నేను తేల్చుకునే సంగతి, బేరం కాదు.

అమెరికాలో ఉన్న పిల్లలకు వీడియోలో తెలుగు గుణింతాలు చెప్పేవాళ్లకూ ఇదే మాట. వాళ్ల శనివారం సాయంత్రం మనకు ఆదివారం తెల్లవారుజాము. నవంబరులో అక్కడ గడియారాలు మారితే మన క్లాసు ఓ గంట ఆలస్యంగా మొదలవుతుంది. నిద్ర చెడేది మనకే కాబట్టి అదీ ఫీజులో కలపాలి.

రైతు ఇళ్లవాళ్లు మాత్రం ధాన్యం అమ్మాక ఒకేసారి ఇస్తామంటారు. సరేనంటాను. ఐదో తారీఖు నెలజీతాల ఇళ్లకే.