గంప కింద వైద్యం

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఫారాల్లో వేల కోళ్లు పెరుగుతాయి. అక్కడ ఒక్క కోడి కుంటుతోందని ఎవరూ ఆగరు, ఆగితే లెక్క కుదరదు. అదే ఊళ్లలో పేరు పెట్టి పిలుచుకునే పెరటి కోళ్లు కూడా ఉన్నాయి. కాలనీలు, విల్లాలు చుట్టుముట్టినా అవి పోలేదు. దెబ్బలు వీటికే ఎక్కువ. కుక్క పడుతుంది, పిల్లి గీరుతుంది, బండి తగులుతుంది. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన వనరాజాకు పొడుగు కాళ్లు, రంగురంగుల ఈకలు ఉండటం శత్రువు నుంచి తప్పించుకోవడానికి పనికొస్తుంది. అయినా వీధికుక్కల గుంపు ముందు ఏ కాళ్లూ చాలవు. అలా దెబ్బతిన్న కోడిని వెంటనే కత్తికి అప్పగించనక్కర్లేదు. చాలావాటిని ఇంట్లోనే నిలబెట్టొచ్చు. అయితే ఆ పనిలో మందు కన్నా మన చేతుల్ని అదుపులో పెట్టుకోవడమే ముఖ్యమని నా అభిప్రాయం.

కోడి ఒంటి తీరు చూస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. దాని ఒంటి వేడి 41 డిగ్రీల పైమాటే. భయంతో, నెత్తురు పోయి చల్లబడిందంటే గాయం చిన్నదైనా ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ముందు శుభ్రమైన గుడ్డతో ఒత్తి నెత్తురు ఆపాలి. తర్వాత చీకటిగా, వెచ్చగా, సందడి లేనిచోట గంప కిందో అట్టపెట్టెలోనో ఉంచాలి. మిగతా కోళ్లతో వదిలితే ఎర్రగా కనిపించిన చోటల్లా పొడిచి పొడిచి చంపేస్తాయి. కాస్త తేరుకున్నాక ఈకలు విడదీసి చూడాలి. పైకి చిన్న గాటులా కనిపించినా, చర్మం కింద పంటి గాయం లోతుగా ఉండొచ్చు. ఈగలు వాలితే అక్కడ బియ్యపు నూకల్లా తెల్లగా గుడ్లు కనిపిస్తాయి, మర్నాటికే అవి పురుగులవుతాయి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి ధారగా పోసి కడగాలి. కడగకుండా పసుపు అద్దితే మురికి లోపలే ఉండిపోతుంది. కోడి చీము మనిషి చీములా కారదు, గట్టిపడి ముద్దవుతుంది. కాబట్టి వాపును పిండితే మేలుకన్నా కీడే ఎక్కువ.

ప్రేమతో చేసే తప్పులు రెండున్నాయి. ఒకటి, నీరసంగా ఉందని నోరు తెరిచి నీళ్లు పోయడం. కోడి నాలుక మొదట్లోనే గాలిగొట్టం నోరు తెరుచుకుని ఉంటుంది, పోసిన నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోగలవు. ముక్కు అంచున ఒక్కో చుక్క తాకిస్తే అదే చప్పరిస్తుంది. రెండోది, రొమ్ము చుట్టూ బిగించి కట్టు కట్టడం. కోడికి మనలా ఉదరవితానం లేదు. రొమ్ము ఎముక ఆడితేనే దానికి ఊపిరి. కట్టు బిగిస్తే గాయం మానేలోపే ఊపిరాడక పోతుంది.

కోసుకుంటే ఒక పూట కూరయ్యేదానికి ఇంత తిప్పలెందుకని అడిగేవాళ్లున్నారు. పేగులు బయటపడ్డా, ఎముక చర్మం చీల్చుకుని వచ్చినా ఆ మాటే సరి. దాన్ని బాధ పెట్టకుండా ముగించడమే దయ. కానీ చర్మం చిరిగిన కోడి సంగతి వేరు. చూడటానికి భయంకరంగా ఉన్నా శుభ్రంగా ఉంచితే ఆ గాయాలు బాగా పూడతాయి, పెట్ట మళ్లీ గుడ్డు పెడుతుంది.

బర్డ్ ఫ్లూ భయం అంతకన్నా బరువైన అభ్యంతరం. 2015 ఏప్రిల్‌లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో, 2025 ఫిబ్రవరిలో పశ్చిమ గోదావరిలో అది బయటపడింది కనుక దీన్ని తోసిపుచ్చలేం. ఇక్కడ గీత గీసుకోవాల్సింది గాయానికీ జబ్బుకీ మధ్య. పంటి గాటు కనిపిస్తే గాయం. గాటేమీ లేకుండా మెడ మెలిపడినా, తురాయి నీలంగా మారినా, ఆకుపచ్చగా పారినా, ఒకటి వెంట ఒకటి వాలిపోతున్నా అది కొక్కెర తెగులో, ఫ్లూనో కావచ్చు. అప్పుడు ఇంటి వైద్యం మాటే వద్దు. ముట్టుకోకుండా పశువుల దవాఖానకు చెప్పాలి. గాయపడ్డ కోడిని పట్టుకున్నా చేతులు సబ్బుతో కడుక్కోవాల్సిందే.

ఇంట్లో ఉన్న మాత్ర విరిచి వేయడం మరీ ప్రమాదం. పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల వాటి కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై చచ్చాయి. అందుకే 2006లో మన దేశం పశువైద్యంలో దాన్ని నిషేధించింది. కోడి కిడ్నీలకూ అది విషమే. మన మోకాళ్ల నొప్పి మాత్ర దానికి వేయకండి. నొప్పి తగ్గించడానికి ఏది, ఎంత ఇవ్వాలో పశువైద్యుడే చెప్పాలి. యాంటీబయాటిక్ రాస్తే, ఎన్ని రోజుల దాకా ఆ కోడి గుడ్లు తినకూడదో కూడా అడిగి గోడ క్యాలెండర్ మీద రాసుకోండి.