చిరివేరు బొమ్మ వేసిందెవరు?

చిరివేరు ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క. సన్నటి ఆకులు, తెల్లటి పూలు, పువ్వుకు నాలుగే రేకులు. పువ్వు పెసరగింజను మించదు. అందం కోసం దాన్ని ఎవరూ పెంచరు. కానీ ఒకప్పుడు పళవేర్కాడు రేవు కళకళలాడిందంటే అందులో ఈ వేరుకూ వాటా ఉంది. పటిక పట్టించిన నూలు బట్ట మీద దీని రంగు ఎర్రగా దిగుతుంది, ఉతికినా వదలదు. డచ్చివాళ్లు 1613లో ఇక్కడ గెల్డ్రియా కోట కట్టుకున్నది మన తీరపు బట్టలు కొని, తూర్పు దీవుల్లో సుగంధ ద్రవ్యాలకు మారకం వేసుకోవడానికే.

నీటిరంగులతో మొక్కల బొమ్మలు వేసుకుంటూ ఉంటాను కాబట్టి చిరివేరు బొమ్మంటే నాకు ప్రత్యేకమైన మమకారం. సామర్లకోటలో ఉన్నప్పుడు వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బర్గ్ ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి లండన్‌లో అచ్చయింది. మూడు సంపుటాలు, 300 బొమ్మలు. మొదటి సంపుటంలోనే చిరివేరు ఉంది.

కలంకారీ పనివాడు ఒకే చెట్టుకు పది రకాల పూలు పూయించగలడు. మొక్క బొమ్మ వేసేవాడికి ఆ స్వేచ్ఛ లేదు. కణుపు దగ్గర ఆకులు ఎదురెదురుగా ఉంటే అలాగే వేయాలి. అన్నిటికన్నా కష్టం తెల్ల కాగితం మీద తెల్ల పువ్వు. దానికి రంగే వేయం. రేకు అంచున పలచటి బూడిద రంగు నీడ తాకించి, లోపల కాగితపు తెలుపును అలాగే వదిలేస్తాం. కుంచెలో నీరు ఒక్క చుక్క ఎక్కువైతే నీడ లోపలికి పాకి రేకు కనబడకుండా పోతుంది. కోసిన మొక్క ఆగదు, అందుకే ముందు పువ్వు, తర్వాతే ఆకులు. ఇంత చిన్న పువ్వును నిలబెట్టిన చేతులంటే నాకు గౌరవం.

ఆ చేతులు ఎవరివో మాత్రం రాక్స్‌బర్గ్ పుస్తకం చెప్పదు. తర్వాతి తరంలో మద్రాసు ప్రాంతంలో పనిచేసిన రాబర్ట్ వైట్ తన చిత్రకారులు రంగయ్య, గోవిందుల పేర్లు అచ్చు బొమ్మల మీదే వేయించాడు. ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరు కూడా పెట్టాడు. అంటే, మనసుంటే ఆ రోజుల్లోనూ సాధ్యమే.

రాక్స్‌బర్గ్ బొమ్మలను పుస్తకాల్లో, క్యాలెండర్లలో మళ్లీ అచ్చువేసే వారికి నా విన్నపం ఒకటే. ఆయన పేరు కింద ‘బొమ్మలు: కోరమాండల్ తీరపు చిత్రకారులు’ అని ఒక్క వరుస చేర్చండి.