చంపకమాలలో ఇరవై అంకెలు

చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో దాంట్లో నాలుగు. ఇలా రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్ళూ నింపితే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615 గింజలవుతాయి. ఈ ఇరవై అంకెలనూ ఒక్క చంపకమాలలో ఇమిడ్చిన పద్యం పావులూరి మల్లన పేరుతో మనకు దక్కింది. మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని తెనిగించిన కవి ఆయన.

అంకెకు బదులు వస్తువు పేరు చెప్పడం ఇందులోని పద్ధతి. చంద్రుడంటే ఒకటి, అగ్ని మూడు, వేదం నాలుగు, బాణం ఐదు, కొండ ఏడు, ఆకాశం సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి. ఒక్కో అంకెకు ఎన్నో పర్యాయపదాలు ఉండటమే కవికి బలం. ఈ సంఖ్యలో పదివేల స్థానంలోనూ ఐదే, లక్షల స్థానంలోనూ ఐదే. మల్లన మొదటి ఐదుకు ‘శర’ అని, రెండో ఐదుకు ‘సాయక’ అని వాడాడు. రెండూ బాణాలే. కానీ చంపకమాలలో పదకొండో అక్షరం యతిస్థానం. పాదం ‘శ’తో మొదలైంది కనుక అక్కడ ‘సా’ పడి యతి కుదిరింది. లెక్క చెడలేదు, నడక చెడలేదు. ఈ పనితనం చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అందం ఒక్కటే కాదు, కాపలా కూడా ఉంది. తాటాకు మీద వరుసగా అంకెలు రాస్తే ఒకటి జారిపోయినా తెలియదు. పద్యంలో ఒక మాట జారితే గణం తప్పి చెవికి పట్టుబడుతుంది. అయితే ‘గిరి’ బదులు ‘శర’ అని రాసినవాణ్ణి ఛందస్సు పట్టుకోలేదు. రెండింటిలోనూ రెండు లఘువులే. అక్కడ ఆదుకునేది సంఖ్య స్వభావమే. ఏ గడి దగ్గర ఆగినా అప్పటిదాకా పోగైన మొత్తం, తరువాతి గడికి ఒకటి తక్కువ. కాబట్టి మన సంఖ్య అరవై నాలుగు రెండ్లను గుణించి ఒకటి తీసేయగా వచ్చేది. రెట్టింపులను తొమ్మిదితో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని తిరుగుతూ ఉంటాయి. అరవై నాలుగోది 7. ఒకటి తీసేస్తే 6. ఇక పద్యంలోని అంకెలు కూడండి: 87. తొమ్మిదితో భాగిస్తే శేషం 6. ‘గిరి’ని ‘శర’ చేస్తే మొత్తం 85, శేషం 4, తప్పు బయటపడుతుంది. తెలుగు మాస్టారూ లెక్కల మాస్టారూ ఒకే గంటలో కలిసి చెప్పదగిన పాఠం ఇది.

ఈ సంఖ్య లోపల ఇంకా లోతుంది. 4,29,49,67,296కు ముందున్న సంఖ్యనూ తరువాతి సంఖ్యనూ గుణిస్తే ఇదే వస్తుంది. ఆ తరువాతి సంఖ్య ప్రధాన సంఖ్యేనని ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని 641తో నిశ్శేషంగా భాగించి చూపాడు. చివరికి మల్లన సంఖ్య ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం: 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417.