పాట కనిపించే పేజీ

నాగోల్ మెట్రో దగ్గరి శిల్పారామంలో సాయంత్రం పాడిన పాట, ఏ డీటీపీ సెంటర్‌లోనో సంచికలో పేజీ అవుతుంది. పేజీ కూర్చే ఆ పనంటే నాకు మహా ఇష్టం. గాయని నోటికి మైకు అడ్డొచ్చిన ఫొటోను మంచి డిజైనర్ ముందే పక్కన పెట్టేస్తారు. ఆమె చూపు పేజీ లోపలికే ఉండాలి. బయటికి ఉంటే చదివేవాళ్ల కన్నూ బయటికే పోతుంది. ఫొటో కత్తిరించేటప్పుడు వయొలిన్ కమాను కొస తెగకూడదు. ఇక మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు. ఇంగ్లిష్ కొలతతో వరుసలు పేరిస్తే ‘స్త్ర’ కింది లైనును తాకేస్తుంది. వరుసల మధ్య జాగా, అంటే లీడింగ్, ధారాళంగా వదలాల్సిందే. 1967లో ‘సాక్షి’ సినిమాతో మొదలైన పబ్లిసిటీ డిజైనర్ ఈశ్వర్ పోస్టర్లలో అక్షరం కూడా బొమ్మే. ఆయన ‘సినిమా పోస్టర్’ పుస్తకం ఈ తరం డిజైనర్లు తప్పక చూడాలి. సంచికలు వేసేవారికి ఒక్క మనవి: పేజీ కింద డిజైనర్ పేరు, ఫొటోగ్రాఫర్ పేరు వేయండి.