వెనక వరుసలోని గొంతు

మా ఊరి గుడిలో కీర్తన ఎత్తుకునేది మా పెద్దమ్మ. ఆమెకు చదువు రాదు. అయినా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా పాటలు ఆమెకు నోటికి వచ్చు. చిన్నతనంలో ఒకరు చరణం చెబితే మిగతావాళ్లంతా తిరిగి అనేవాళ్లట. అలా ఆదివారం వెంట ఆదివారం విని పట్టుకుంది. ఆ పుస్తకంలో పాటల పైన రాగం, తాళం కూడా అచ్చువేసి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి వంటివాళ్లు పల్లవి, చరణాలు కట్టి రాసిన కీర్తనలు ఒంటరిగా కూర్చుని పాడుకుంటే ఏదో వెలితిగా ఉంటుంది నాకు. చరణం అయ్యేసరికి పల్లవి దగ్గరికి అందరూ తిరిగి రావాలి. పెద్దమ్మ ఎత్తుకోవాలి, డోలక్ అందుకోవాలి, అటు మగవాళ్లూ ఇటు ఆడవాళ్లూ గొంతు కలపాలి. అపశ్రుతులు కూడా అందులో ఇమిడిపోతాయి.

అమ్మ పోయాక వచ్చిన మొదటి ఆదివారం ఆమెకిష్టమైన కీర్తనే ఎత్తారు. రెండో చరణంలో నా గొంతు పూడుకుపోయింది. నా వెనక ఎవరో, ఎవరో నాకిప్పటికీ తెలియదు, గొంతు పెంచి పాడారు. నేను పాడలేకపోయిన ఆ చరణం నా చెవి పక్కనే పూర్తయింది. మూడో చరణానికి నేనూ కలిశాను. గుడికి ఎందుకు వెళ్లాలో నాకు ఆరోజు తెలిసింది. నమ్మకం నిండుగా ఉన్న రోజు పక్కవాళ్లకు అరువిస్తాను, అడుగంటిన రోజు వాళ్ల దగ్గర తెచ్చుకుంటాను.

2020 ఏప్రిల్ 12న ఈస్టర్. ఏటా తెల్లవారకముందే సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి పాడేవాళ్లం. ఆ ఏడు లాక్‌డౌన్. ఎవరిళ్లలో వాళ్లం ఫోన్ల ముందు కూర్చున్నాం. తలా ఒక చోటి నుంచి పాడితే ఒకరి గొంతు ఇంకొకరికి ఒక్క క్షణం ఆలస్యంగా చేరేది, తాళం చెదిరిపోయేది. చివరికి పాస్టరుగారు అందరినీ మ్యూట్‌లో పెట్టుకోమన్నారు. చిన్న చిన్న గళ్లలో పెదాలు కదులుతున్నాయి. నాకు వినిపించింది నా గొంతొక్కటే.

జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరవొచ్చన్నారు. కానీ బృందాలుగా పాడకూడదు, రికార్డు చేసిన పాటలు వేసుకోవాలి, ఎవరి చాప వాళ్లు తెచ్చుకోవాలి, అరవై అయిదేళ్లు దాటినవాళ్లు ఇంటి దగ్గరే ఉండడం మంచిది. ఆ జాగ్రత్తలు అవసరమే. పాడేవాళ్ల ఊపిరితోనే జబ్బు పాకుతున్న రోజులవి. అయినా పెద్దమ్మ లేని గుడిలో స్పీకరులోంచి వచ్చే పాట వింటూ కూర్చోవడం కష్టమైంది.

మంచం పట్టినవాళ్లకు ఫోనులో వచ్చే ఆరాధన పెద్ద ఆదరణ. వాళ్ల దగ్గర నుంచి దాన్ని లాక్కోవాలని నేననను. కానీ వాళ్లకు అంతకన్నా ఎక్కువే బాకీ ఉన్నాం. క్రీస్తు శకం 155 ప్రాంతంలో రోమాలో జస్టిన్ అనే క్రైస్తవుడు చక్రవర్తికి రాసుకున్న విన్నపంలో తమ ఆదివారపు కూడికను వర్ణించాడు. పట్నంలోవాళ్లూ పల్లెలవాళ్లూ ఒకచోట చేరతారు, వాక్యం చదువుతారు, రొట్టె పంచుకుంటారు. రాలేకపోయినవాళ్లకు పరిచారకులు ఆ రొట్టెను ఇంటికి పట్టుకెళ్తారు. మా పాస్టరుగారూ ప్రభు భోజన సంస్కారం ఇచ్చిన ఆదివారం మధ్యాహ్నం, సంఘపెద్దను వెంటబెట్టుకుని అలాగే ఇల్లిల్లూ తిరుగుతారు. వెళ్లిన ఇంట్లో ఒక కీర్తన పాడందే లేవరు.

పెద్దమ్మ మళ్లీ గుడికి వచ్చింది లాక్‌డౌన్ మరుసటి ఏడు. బాగా చిక్కిపోయింది. ఎప్పటి చోటే చాప పరుచుకుని కూర్చుని, ఎవరూ అడగకముందే ఎత్తుకుంది. గొంతు సన్నబడింది గానీ పల్లవి తప్పలేదు. మూడో చరణం దగ్గర ఆగిపోయింది. మాట గుర్తురాక కళ్లు మూసుకుంది. పక్కనున్న పదేళ్ల పిల్ల ఆ మొదటి మాట అందించింది. పెద్దమ్మ తలూపి, ఆ మాట పట్టుకుని పైకి లేపింది. డోలక్ అందుకుంది.