అరువు తెచ్చుకొన్న కొండ

ఉండవల్లి గుహాలయమునకు కెమెరాతో వచ్చువారిలో పెక్కుమంది ఎదుటనున్న పచ్చిక మీద నిలిచి, నాలుగంతస్తుల కొండనంతటిని ఒక్క చిత్రములో ఇమిడ్చి, పని ముగిసినదని తలంచి మరలిపోవుదురు. ఆ చిత్రములో కొండ యుండును, స్తంభములుండును, ఆకాశముండును. ఎండలోనుండి ఆ రాతి చీకటిలోనికి అడుగిడినప్పుడు కలుగు పులకింత మాత్రము అందుండదు. అంతయు ఒక్కమారే చూపబోయి ఏమియు చూపలేకపోయిన చిత్రములవి. నేనును చిరకాలము అట్లే తీసితిని.

ఈ లోపమునకు విరుగుడు చీనావారి ఉద్యానకళలో కలదు. 7వ శతాబ్దిలో చీనా యాత్రికుడు హ్యూయాన్ త్సాంగ్ మన ధాన్యకటకమును దర్శించినాడు గనుక, ఆ దేశము కృష్ణాతీరమునకు బొత్తిగా పరాయిది కాదు. సూచౌ నగరపు పురాతనోద్యానములలో ద్వారము దాటగానే తోట కనబడదు. ఒక రాతిగుట్టయో తెల్లని గోడయో అడ్డుపడి, వంకరలు పోవు బాటవెంట మనలను నడిపించి, ఇచట చంద్రబింబమువంటి ద్వారములోనుండి ఒక కొలనును, అచట గోడలోని జాలకములోనుండి ఒక వెదురుపొదను మాత్రమే చూపును. 1631లో జీ చెంగ్ అను ఉద్యానశిల్పి ముగించిన గ్రంథము, తోట వెలుపలనున్న కొండలను, గోపురములను సైతము దృశ్యములో కలుపుకొనుమని బోధించును. దానినే అరువు దృశ్యమందురు. అట్టి తోటలో చట్రమును శిల్పియే సిద్ధము చేసియుంచినాడు. ఛాయాచిత్రకారుడు దానిని గుర్తించి, తగిన వెలుగుకై వేచియుండిన చాలును.

విష్ణుకుండినుల కాలమునాటివని చెప్పు ఉండవల్లి గుహలలో ఈ పాఠము చక్కగా ఫలించును. మీది అంతస్తులోనికి పోయి, వెనుకగోడకు వీపు చేర్చి, బయటి పొలముల వైపు చూడుడు. స్తంభమునకును స్తంభమునకును నడుమ పచ్చదనము ఒక పటమువలె వ్రేలాడును. వెలుగును బయటి పచ్చదనము మీద కొలిచితిమా, స్తంభములు నల్లని రేఖలై ఆ పటమునకు అంచులగును. స్తంభము మీది చెక్కడము మీద కొలిచితిమా, పొలము తెల్లని కాంతిలో కరిగిపోవును. రెండును కోరువానికి రెండును దక్కవు. ఏది కావలెనో ముందుగా నిర్ణయించుకొనుటయే ఇందలి సాధన.

అయిదు మీటర్లకు మించి శయనించియున్న అనంతపద్మనాభుని యెదుట ఫ్లాషు వాడుట నాకు అపచారముగా తోచును. ఎదుటనుండి పడిన వెలుగు నీడలను తుడిచివేయును. నీడ పోయిన శిల్పము వట్టి రాతిపలక. కాసేపు నిలిచి కంటిని చీకటికి అలవరచి, పాదములచెంత చేరి, పక్కవాటు వెలుగులో చూచినచో ఆ దీర్ఘదేహము చీకటిలోనికి సాగిపోవుచున్నట్లుండును. ట్రైపాడునకు పురావస్తుశాఖ అనుమతి కావలెను గనుక, శిల్పమును తాకక, సంచి మీదనే కెమెరానుంచి, ఊపిరి బిగబట్టి మీట నొక్కుట మేలు.

అరువు దృశ్యమునకు సీతానగరము రేవును మించిన చోటు నేనెరుగను. 1957లో ప్రకాశం బ్యారేజి వెలసిన పిదప ఎగువనున్న కృష్ణ నిలుకడ కలిగి అద్దమైనది. ఆవలి గట్టున ఇంద్రకీలాద్రి, అమ్మవారి స్వర్ణగోపురము. రేవులోని ఒక రావికొమ్మనో, కట్టియుంచిన పడవ ముక్కునో ముందుంచి చూచినచో, కిలోమీటరుకు పైబడిన దూరమున నున్న కొండ ఆ రేవునకు చెందినదే అగును. స్నానములాడు స్త్రీలవైపు కెమెరా త్రిప్పరాదు, పడవవానిని సైతము "తీసుకొందునా అన్నా?" అని అడిగి తీయవలెను. అడిగించుకొన్న మనుష్యుని ముఖములో మర్యాద నిలుచును, అది చిత్రములోనికి వచ్చును.

మార్గశిరమాసపు ఒక ఉదయమున నేనచట వేచియుంటిని. మంచు నదిని కప్పి, కొండ లేనేలేదు. పడవవాడు చుట్ట ముట్టించి, "తొందరేమున్నది బాబూ, వచ్చునులే" అనెను. కుడివైపునుండి ఎండ సాగివచ్చి, మొదట గోపురపు కొన మాత్రము మంచుపై మెరసెను, క్రింద కొండ ఇంకను కానరాకుండెను. అప్పుడు మీట నొక్కితిని.