వినికిడి యంత్రం మతిని నిలుపుతుందా?

చెవికి యంత్రం పెట్టుకొన్న వృద్ధులలో డిమెన్షియా సగానికి సగం తగ్గుతుందని 2023లో పలు పత్రికలు చాటాయి. ఆధారం అమెరికాలో ఫ్రాంక్ లిన్ ప్రభృతులు జరిపిన 'అచీవ్' ప్రయోగం. అయితే అది చెప్పినది ఇంత సులువైన మాట కాదు.

వినికిడి తగ్గిన 70–84 ఏండ్ల వారిని 977 మందిని తీసికొని, ఒక జట్టుకు యంత్రాలిచ్చారు, మరొక జట్టుకు ఆరోగ్యబోధ చేశారు. మూడేండ్లకు మొత్తంమీద రెండు జట్ల తెలివితేటలలో తేడా కనబడలేదు. రక్తనాళవ్యాధుల పరిశీలనలో ముందునుంచీ ఉన్న 238 మందిలో మాత్రం క్షీణత 48 శాతం మందగించింది. వీరు తక్కినవారికంటె వయసు మీరినవారు. ఈ ఫలితం విలువైనదే; కాని ప్రధానంగా కొలిచినది పరీక్షల మార్కులను, వ్యాధిని కాదు.

పత్రికలు వదలివేసిన సంగతి మరొకటి ఉన్నది. సందడిలో ఒకరి మాటను ఏరుకొనేది చెవి కాదు, మెదడు. ఆల్జైమర్ రోగికి చెవిపరీక్ష బాగానే ఉన్నా, రెండు చెవులలో ఒకేసారి వేర్వేరు అంకెలు పలికితే తడబడవచ్చు. యంత్రం ధ్వనిని పెంచుతుంది గాని ఈ ఏరుకోవడం నేర్పదు.

అంతమాత్రాన తాతగారి యంత్రాన్ని పెట్టెలో దాచమనను. "ఇవాళ ఏ వారం?" అన్న వైద్యుని ప్రశ్న వినబడకపోతే, ఆయన మౌనాన్ని మతిమరుపు క్రింద జమకట్టే ప్రమాదమున్నది.